ఖాళీ ముడి

ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. పంపింది కస్తూరి, పుదుచ్చేరిలో ఉన్న మా మేనత్త కోడలు. పెరట్లో పంపు కింద నల్లబడిన ఇత్తడి అండా, పక్కన చింతపండు పిప్పి, కొబ్బరి పీచు. కింద తమిళ అక్షరాలతో తెలుగు మాటలు రాసింది. మా ఇంట్లో అందరూ అట్లాగే రాస్తారు. "అన్నా, ఈ అండా జ్ఞాపకం ఉండాదా? అత్త పరణ్ మీద నించి దింపించింది. పూలతీగ మెరిసేదాకా తోమమంటా ఉంది." పరణ్ అంటే మా ఇంటి అటక. జ్ఞాపకం లేకేం, చిన్నప్పుడు దాన్ని తోమిన చేతుల్లో నావీ ఉన్నాయి. తిరుపతిలో ఇంటి మెట్ల మీద కూర్చుని ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అండా మెడ చుట్టూ తిరిగే ఆ పూలతీగను నేను చూసి చాలా ఏళ్ళయింది. ఒక వంపు, దాని పక్కన ఇంకో వంపు, పైన చిన్న కొక్కెం లాంటిది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది తీగ కాదు. ఆ వంపులు కలిపి చదివితే 'అన్న' అని ఉంది.

వెంటనే ఫోన్ చేసి, "తోమొద్దు" అన్నాను.

"ఏందన్నా, బాగుండావా అని గూడా అడక్కుండా."

"బాగుండావు కదా. అండా తోమొద్దు. అది తీగ కాదు, రాత. నేను వచ్చిందాకా ఎవరూ ముట్టుకోవద్దు."

"ఆ మాట నువ్వే చెప్పు అత్తతో. నేను చెప్తే ఒళ్ళు వంచలేక సాకు చెప్తా ఉండానంటాది."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ అండానే తలుచుకున్నాను. ఇన్నేళ్ళు పత్రికల్లో పనిచేసినవాణ్ణి, ఎక్కడెక్కడి రాతలో చదివినవాణ్ణి, మా ఇంటి పెరట్లో ఉన్న రాత రాత అని కూడా తెలియకుండా ఇంత వయసు వచ్చింది.

మా ఇల్లు ముత్తియాల్‌పేటలో, మణికూండు గడియారస్తంభం నుంచి రెండు వీధులు లోపలికి. తాత మిల్లులో పనిచేసేవాడు. మిల్లు కూతను మేము సంగు అనేవాళ్ళం. మా ఇంటికి గడియారం అదే. మొదటి సంగుకు అవ్వ లేచి సరుగుడు కట్టెలు అంటించేది, రెండో సంగుకు తాత సైకిలెక్కేవాడు, మధ్యాహ్నపు సంగుకు నేను కారియర్ తీసుకుని మిల్లు గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళమూ నాలుగు ఫ్రెంచి ముక్కలూ. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంటిల్లిపాదిలో ఎవరికీ రాదు. తెలుగుకు అక్షరాలున్నాయని తెలుసు, అవి ఎట్లా ఉంటాయో తెలియదు. సబ్బు పెట్టెల మీద ఐదారు భాషల్లో ఏదేదో రాసి ఉండేది. అందులో మాది ఏదని ఎవరూ అడిగింది లేదు. భాష మా నోట్లో ఉండేది, చెవిలో ఉండేది. కంటికి మాత్రం ఎప్పుడూ ఆనలేదు.

ఆ అండా నీళ్ళు కాచేది. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. ప్రతి శుక్రవారం అవ్వ దాన్ని పెరట్లోకి దొర్లించి తోమేది. వారమంతా పులుసుకు వాడిన చింతపండు పిప్పిని ఒక మట్టి చిప్పలో దాచిపెట్టేది దీనికోసమే. పులిసిన చింతపండు, తడి బూడిద, పచ్చి ఇత్తడి, ఈ మూడూ కలిసిన వాసన శుక్రవారం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా అది తగిలితే బడికి ఆలస్యమైనట్టు అనిపిస్తుంది. అండాకు ఒకపక్క తాత పేరు తమిళ పొడి అక్షరాల్లో ఉండేది, పాత్రల అంగడిలో కొట్టించింది. దాన్ని అందరూ చదవగలరు. రెండో పక్క మెడ దగ్గర పూలతీగ. చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన గుండ్రటి వంపులు. అవ్వ దాన్ని వేలితో తడిమి, "ఈ తీగ సందుల్లోనే మురికి నిలిచేది, గట్టిగా రుద్దరా" అనేది. గట్టిగానే రుద్దేవాణ్ణి. మా అవ్వ రుద్దింది, అవ్వ అత్తగారు రుద్దింది. మా ఇంటివాళ్ళలో అందరికంటే ముందు ఈ ఊరికి వచ్చిన మొదటి తల్లి ఉత్తరం నుంచి ఎద్దుబండిలో వస్తూ ఈ అండా తెచ్చుకుందని చెప్పేవాళ్ళు. అంతకుమించి ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఆమె పేరు తెలియకపోవడం మా అవ్వకు జీవితాంతం ఉన్న బాధ. అది అర్థం కావాలంటే ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, చివరి శుక్రవారం గురించి చెప్పాలి. ఆ రోజు ఇంట్లో చనిపోయిన ఆడవాళ్ళను తలుచుకునేవాళ్ళు. కొత్త కోక మడతపెట్టి పీట మీద ఉంచి, పక్కన అండా నిండా నీళ్ళు, ముందు అరటాకులో చక్కెర పొంగలి. అసలు సంగతి మాలలో ఉంటుంది. అవ్వ తడి అరటినార ఒళ్ళో వేసుకుని, నాలుగు కనకాంబరాలు, ఒక మరువపు రెబ్బ కలిపి పట్టుకుని, ఒక పేరు పలికి ఒక ముడి వేసేది. తాయమ్మ, ముడి. గోవిందమ్మ, ముడి. మునెమ్మ, ముడి. దగ్గరి వాళ్ళతో మొదలుపెట్టి వెనక్కి వెనక్కి పోయేది. ఎంతమంది ఆడవాళ్ళో అంత పొడుగు మాల. పేరుతోపాటు ఒకో మాట కూడా ఉండేది. గోవిందమ్మ ఎండుచేప వాసన పడనిది, మునెమ్మ మొగుణ్ణి ఒకే ఒకసారి కొట్టింది, ఇట్లాంటివి. చివరికి వచ్చేసరికి అవ్వ చెయ్యి ఆగేది. పువ్వు లేకుండా, పేరు పలక్కుండా, ఉత్త నారకు ఒక ముడి వేసి బిగించేది. మాల చివర ఆ ఖాళీ ముడి బఠాణీ గింజలా ఉండేది.

"అదెవురు అవ్వా?" అని అడిగాను ఒకసారి.

"మొదటామె."

"పేరు లేదా?"

"పేరు లేకుండా ఎవురన్నా ఉంటారంట్రా? ఉండాది. మన దగ్గర లేదు, అంతే."

అది ఎట్లా పోయిందో తర్వాత మా అత్త చెప్పింది. అందరికంటే పెద్దామె కాబట్టి ఆమె పేరు గట్టిగా పలకకూడదట. పెదవుల మధ్యనే అనుకుని ముడి వేయాలి. మాల చేతులు మారే రోజున మాత్రం అత్త కోడలి చెవిలో ఒకసారి చెబుతుంది. మా అవ్వ అత్తగారు అట్లా చెప్పకుండానే వాంతిభేది తగిలి ఒక్క పూటలో పోయింది. ఏటేటా పక్కన కూర్చుని ఆమె పెదవులు కదలడం చూసిన మా అవ్వకు ఆ కదలిక గుర్తుంది గానీ, పేరు లేదు. ఒక్కోసారి వంట చేస్తూ చేస్తూ పెదవులు ఏదో ఆకారంలో పెట్టి చూసుకునేది. మర్యాద ఎక్కువై ఒక మనిషి పేరు పోయింది. జనం మరిచిపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం అనుకునేవాళ్ళకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

బడిలో మాకు చరిత్ర చెప్పే అయ్యవారికి ఇంకో జాబితా ఉండేది. ఊరిని ఏలిన ఫ్రెంచి గవర్నర్ల పేర్లు వరసగా, తడుముకోకుండా చెప్పాలి. తప్పితే బెంచీ ఎక్కాలి. తిణ్ణె మీద కూర్చుని నేను ఆ పేర్లు వల్లె వేస్తుంటే అవ్వ బియ్యం చెరుగుతూ వినేది.

"వాళ్ళంతా ఎవురు?"

"మన ఊరిని ఏలినవాళ్ళు."

"అందులో మనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"లేరు."

"ఆడోళ్ళు?"

"లేరు."

"మరి నీకెందుకురా?"

పరీక్షకు అన్నాను. అవ్వ ఆ జవాబుతో సరిపెట్టుకుంది. నేను ఇన్నేళ్ళుగా సరిపెట్టుకోలేకపోయాను. ఆ గవర్నర్ల పేర్లు కొన్ని ఇప్పటికీ ఊళ్ళో వీధి మూలల్లో నీలిరంగు రేకుల మీద ఉన్నాయి. వాళ్ళను గుర్తుంచుకోవడానికి ఎవరూ పెదవులు కదపనక్కర్లేదు, రేకే గుర్తుంచుకుంటుంది. మా వాళ్ళకు ఉన్నది అరటినార. మర్నాటికి అది ఎండిపోతుంది, పై ఏడు మళ్ళీ కట్టాలి. కడుతున్నంత కాలమే వాళ్ళు ఉంటారు.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఒక శుక్రవారం తోమిన అండాను నూతి దగ్గరికి నేనే దొర్లిస్తానని పట్టుబట్టాను. చేతులకు చింతపండు జిగురు. అండా నా పట్టు తప్పి వాలులో దొర్లి నూతి గట్టుకు మెడ కొట్టుకుంది. పాత ఇత్తడి, సొట్ట పడటానికి బదులు చీలింది. వారం తర్వాత వీధిలోకి పాత్రలకు మాట్లు వేసేవాడు వస్తే అవ్వ ఇంటి ముందు కూర్చోబెట్టింది.

"పూలతీగ పోకుండా వెయ్యప్పా."

"చీలిందే తీగ మీద. పోకుండా ఎట్ల వేసేది?"

"కొంచెమన్నా మిగల్చు."

అతను చీలిక అంచులు కత్తిరించి చదును చేసి, పైన ఇత్తడి బిళ్ళ పెట్టి మేకులు దిగ్గొట్టాడు. కత్తిరించగా పడిన బొటనవేలంత ముక్కను దులిపి తన సంచిలో వేసుకున్నాడు. పాత ఇత్తడి అతనికి పనికొస్తుంది. నేను గుమ్మంలో నిలబడి అదంతా చూశాను. నిప్పుల కుంపటి బాగుంది, సుత్తి చప్పుడు బాగుంది. అంతకంటే ఏమీ తోచలేదు.

తర్వాత కుళాయిలొచ్చాయి, స్టీలొచ్చింది, అండా పరణ్ ఎక్కింది. మా అమ్మ అవ్వకంటే ముందే పోవడంతో మాల వరస తప్పి కూతురి చేతికి, అంటే మా రాజమ్మత్త చేతికి వచ్చింది. నేను మొదట ఊళ్ళోనే ఒక తమిళ సాయంకాలపు పత్రికలో చేరాను. కొన్నేళ్ళకు చెన్నైలో ఒక తెలుగు దినపత్రికకు మారాను. నోటికి తెలుగు వచ్చని ఉద్యోగం ఇచ్చారు, చదవడం రాదని మర్నాడు తెలిసింది. ప్రూఫులు దిద్దే పెద్దమనిషి ఒకాయన మధ్యాహ్నం భోజనం తర్వాత అరగంట కూర్చోబెట్టి, పాత ప్రూఫు కాగితాల వెనక అక్షరాలు దిద్దించాడు. మీసాలొచ్చాక అక్షరాభ్యాసం. రెండో వారంలో అనుకుంటాను, 'న' రాస్తూ ఈ వంపు ఎక్కడో చూశానే అనిపించింది. ఎక్కడో తట్టలేదు. అప్పుడు తట్టి ఉంటే ఏమయ్యేదని ఆ రోజు బస్సులో లెక్కేసుకున్నాను. ఏమీ కాదు. ముక్క అప్పటికే సంచిలో వెళ్ళిపోయింది.

ముత్తియాల్‌పేటలో దిగేసరికి ఎండ ముదిరింది. వీధి వెడల్పు అదే, బళ్ళు మాత్రం పదింతలు. ఒకప్పుడు మగ్గం చప్పుడు వినిపించిన ఇంట్లో ఇప్పుడు వెల్డింగు. ఊళ్ళో సముద్రం పక్కన పసుపురంగు గోడల వీధుల్లో గైడు వెంట గుంపులు గుంపులుగా తిరుగుతూ చరిత్ర చూసేవాళ్ళు ఇటువైపు రారు. రాకపోతే మాకేం తక్కువ కాలేదు. కానీ చూసేవాళ్ళు లేని చోట చరిత్ర లేదని మా పిల్లలే అనుకోవడం మొదలుపెట్టారు.

అత్త తిణ్ణె మీదే కూర్చుని ఉంది. ఎనభై దాటింది, చిన్నగా అయిపోయింది.

"ఏంరా గోపాలూ, అండాకి ఫోన్ చేస్తావు, అత్తకి చెయ్యవు."

"అత్త తుప్పు పట్టదు కదా."

"పట్టిందిరా. ఇక్కడ." తల మీద వేలితో కొట్టుకుంది.

నవ్వుతూనే అంది గాని అది నిజం. లోపలికి వెళ్ళాక కస్తూరి మెల్లగా చెప్పింది. తట్టాంచావడిలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది కస్తూరి. ఆ రోజు ఆడి చివరి శుక్రవారం, మాల కోసం సెలవు పెట్టింది. పోయిన ఏడు అత్త మాల కడుతూ మునెమ్మ దగ్గర ఆగిపోయిందట. తర్వాత ఎవరో గుర్తు రాలేదు. నార ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఏడ్చిందట. "నా చేతిలో ఇంకో బొక్క పడింది, మా అమ్మకి ఒకటి, నాకొకటి" అందట. మర్నాడు పళ్ళు తోముకుంటుంటే ఆ పేరు దానంతటదే వచ్చింది. అయినా భయం పోలేదు. అందుకే ఈ ఏడు మాల కస్తూరి చేతికి ఇచ్చేస్తానంది. ఇచ్చేటప్పుడు మాత్రం చివరి ముడికి పేరుతో సహా ఇవ్వాలని పట్టుబట్టింది. అండా దింపించడం అందుకే. చూస్తూ ఉంటే వాళ్ళమ్మ పెదవుల కదలిక తనకేమైనా గుర్తొస్తుందేమోనని. ఇంతలో నేను ఫోన్ చేసి, ఆ తీగలో రాత ఉందన్నాను.

"నిన్నట్నించి ఆమెకి నిద్ర లేదన్నా. పేరు దొరికింది, గోపాలు చదవతాడు, మా అమ్మ ఎంత సంతోషపడేదో, ఇదే మాట."

పెరట్లోకి వెళ్ళి అండా పక్కన చతికిలబడ్డాను. తడిగుడ్డతో మెల్లగా తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, పౌడర్ చల్లి ఊదాను. చుక్కల్లో పౌడర్ నిలిచి అక్షరాలు తెల్లగా పైకి తేలాయి. అన్న యిచ్చినది. దాని ముందు, '...మ్మకు'. దానికి ముందు, మేకులు కొట్టిన ఇత్తడి బిళ్ళ.

అంతే. ఎవరో ఒక అమ్మకు అన్న ఇచ్చినది. పేరు ఉండవలసిన చోట నేను పడేసిన చీలిక, మాట్లవాడి బిళ్ళ. కస్తూరి నా భుజం మీదుగా వంగి చూసింది. చదివి చెప్పాను.

"ఏదమ్మ?"

"అదే లేదు. బిళ్ళ కింద ఉండాలి."

"బిళ్ళ ఊడదీయిస్తే? మణికూండు పక్కన పాత్రలాయన ఉండాడు."

"కింద ఉండేది బొక్క. నేను చూస్తుండగానే కత్తిరించేశాడు."

"మిగిలింది మ్మ. మ్మ లేని ఆడది మన ఇంట్లో ఎవురన్నా?" అని కస్తూరి నవ్వబోయి ఆగింది. లోపలి నుంచి అత్త గొంతు. "ఏంరా, చదివినావా?"

"కాఫీ తాగి వస్తాడత్తా" అని కేకేసి, కస్తూరి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. పాలు పొయ్యి మీద పెట్టి, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "అన్నా, ఒక మాట. ఏదో ఒక పేరు చెప్పెయ్. అచ్చమ్మ అను, గురవమ్మ అను. మ్మ ఉండాది గదా, సగం అబద్ధమే. ఆమె ప్రాణం నెమ్మదిగా ఉంటాది. ఎవురు చూడొచ్చినారు?"

గ్లాసు చేతిలో పెట్టుకుని ఆలోచించాను. చెడ్డ సలహా కాదు, ప్రేమతో ఇచ్చింది. ఆ పేరు పోగొట్టినవాణ్ణి నేనే. ఒకటి తెచ్చి ఇవ్వడం బాకీ తీర్చినట్టు కూడా ఉంటుంది. అచ్చమ్మ. బాగుంది కూడా. ఆ పేరుతో ఒక ముడి పడుతుంది, వచ్చే ఏడు కస్తూరి పలుకుతుంది, ఆమె తర్వాత ఇంకెవరో. రెండు తరాలకు అదే నిజమైపోతుంది. ఇది ఎట్లా జరుగుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ. ఒకసారి నేనే జరిపించాను.

సాయంకాలపు పత్రికలో ఉన్నప్పుడు ఏంబలం దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక రాయి గురించి రాశాను. తమిళంలో సుమైతాంగి అంటారు. నిలువుగా రెండు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక రాయి, మనిషి భుజమంత ఎత్తు. నెత్తి మీద మూటతో నడిచేవాళ్ళు ఇంకొకరి సాయం లేకుండా బరువు దింపుకుని కాసేపు నిలబడటానికి. ఎవరు వేయించారని అక్కడున్న ఒక ముసలాయన్ని అడిగితే ఫలానా ధాన్యం వ్యాపారి అన్నాడు. ఇంకొకరిని అడగలేదు. బస్సు వచ్చే వేళయింది. ఆయన చెప్పిన పేరు రాసేశాను, 'ధర్మాత్ముడు' అని ఒక మాట నా సొంతంగా చేర్చి. చాలా ఏళ్ళ తర్వాత అటు వెళితే రాయికి సున్నం వేసి, ఆ వ్యాపారి పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. ధర్మాత్ముడు అన్న మాటతో సహా. ఆయన వంశం వాళ్ళు ఏడాదికోసారి దండ వేస్తున్నారు. ఆధారమేమిటని అడిగితే పేపర్ ముక్క తెచ్చి చూపించారు. నాదే. పొలంలోంచి ఒక ముసలామె వచ్చి నిలబడింది. ఆ రాయి వాళ్ళ నాయనమ్మ అక్క పేరున వేసిందట, కడుపుతో ఉండి చనిపోయిన మనిషి. అట్లా పోయినవాళ్ళ పేరున రాయి వేయడం ఈ పక్క ఆచారమని నేను తర్వాత తెలుసుకున్నాను. "మా ఇంట్లో ఇట్ల చెప్పుకుంటారు. పేపర్లో అట్ల వచ్చిందే, ఎట్ల వచ్చిందప్పా?" అని నన్నే అడిగింది, నేనే రాశానని తెలియక. సవరణ వేయించాను, మూడు వరసలు. సవరణను ఎవరూ ఎర్ర రంగుతో రాయలేదు.

నేను ఖాళీ వదిలి ఉంటే, 'ఎవరు వేయించారో తెలియదు' అని రాసి ఉంటే, ఆ ముసలామె వచ్చి నిలబడటానికి చోటుండేది. నేను పేరు పెట్టి ఆ చోటు మూసేశాను. చరిత్ర ఎందుకు చదవాలని పిల్లలు అడిగినప్పుడు పెద్ద పెద్ద జవాబులు చెబుతారు. నాకు తెలిసింది చిన్నది. ఏది తెలుసో, ఏది తెలియదో వాటి మధ్య గీత ఎక్కడుందో చూడటం నేర్చుకోవడానికి. ఆ గీత చెరిపితే తెలిసింది కూడా చెడిపోతుంది.

"చెప్పను కస్తూరీ" అన్నాను.

"నువ్వు చెప్పవని తెలుసులే. ఆమె ఏడిస్తే నువ్వే చూసుకో."

నడవలో పీట మీద కోక, అరటాకు సిద్ధంగా ఉన్నాయి. అత్త నార తడిపి ఒళ్ళో వేసుకుంది. మగవాళ్ళు ఉండకూడదని నేను తిణ్ణె వైపు కదిలితే, "కూర్చోరా. ఇంత ముసలోడివైనంక ఇంకేం మగోడివి" అంది. కూర్చున్నాను. చెప్పాను. ఉన్నది ఉన్నట్టు, ఏ అక్షరాలు మిగిలాయో, ఏవి లేవో. ఆ చీలిక నా చేతి మీదుగానే పడిందని కూడా.

"అది మీయమ్మే చెప్పింది నాకు, ఎప్పుడో" అంది అత్త. నారను వేలికి చుట్టింది, విప్పింది. కస్తూరి నా వైపు చూసి, చూశావా అన్నట్టు తల తిప్పుకుంది.

"పేరు లేదు" అంది అత్త.

"లేదత్తా."

"ఈ రాతలో ఉండేది మొదటామే అని అయినా తెలుసునా?"

ఇది నేను చెప్పకుండా దాటేద్దామనుకున్న సంగతి. "తెలియదు. మొదటామె తెచ్చిందని అవ్వ చెప్పడమే. రాతలో అది లేదు."

"అన్న అని మాత్రం ఉండాది."

"ఉంది. అది బాగా కనిపిస్తోంది."

"చూపించు."

కస్తూరీ నేనూ పట్టుకుని అండాను దొర్లించి తెచ్చాం. అత్త చూపుడు వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించాను. అ. న్న. ఆ వేలు ఆ దారిలో ఎన్ని వేలసార్లు నడిచిందో, ఇప్పుడు అది మొదటిసారి అన్నట్టు మెల్లగా పోయింది. "అమ్మ దీన్ని కనకాంబరం తీగ అనేది" అంది. "అన్న ఉండినాడు ఆమెకి. అండా చేయించి, పేరు కొట్టించి ఇచ్చినాడు. తీసుకుని ఇంత దూరం వచ్చేసింది. మళ్ళీ చూసినాడో లేదో."

"అదీ తెలియదు" అన్నాను.

"నీకు తెలిసిందేందిరా అసలు?" అని అత్త నవ్వింది. కస్తూరి కూడా.

మాల మొదలైంది. అత్త పలుకుతుంటే కస్తూరి ముడి వేసింది, ఫోన్ ఒకపక్క రికార్డు చేస్తూ ఉంది. మా అవ్వ కన్నమ్మ, ముడి. మా అమ్మ తాయమ్మ, ముడి. గోవిందమ్మ, ఎండుచేప. మునెమ్మ. అక్కడ అత్త ఆగింది. "అలివేలమ్మ" అంది, "నన్ను ఏడిపిచ్చింది ఈమే." ముడి. అట్లా వెనక్కి వెనక్కి పోయి చివరికి వచ్చాక, అత్త కస్తూరి చేతిలోంచి నార తీసుకుంది. పువ్వు లేకుండా ఒక ముడి వేసి బిగించింది. కస్తూరి మాల అందుకోబోతే, ఉండమంది. ఆ ముడి పక్కనే, ఆనుకుని, ఇంకో ఖాళీ ముడి వేసింది.

"అదెవురత్తా?"

"వాళ్ళన్న."

"మగోళ్ళకి మాలలో ముడి లేదు గదా."

"పేరు లేనోళ్ళకి ఆడేంది, మగేంది" అంది అత్త. "పై ఏడు నువ్వు కట్టేటప్పుడు రెండూ వెయ్యి. ఎవురని అడిగితే ఒకామె, వాళ్ళన్న అని చెప్పు. గట్టిగా చెప్పు, పెదవుల్లో కాదు. అంతకు మించి అడిగితే తెలియదని చెప్పు."

"అదీ గట్టిగానే చెప్పాలా?"

"అది ఇంకా గట్టిగా" అంటూ అత్త మాల చివర పట్టుకుని, ఆ రెండు ముడులూ గట్టిగా పడ్డాయా లేదా అని వేలితో ఒకసారి లాగి చూసింది.